లేని బోరుకు నా సంతకం

ఆ సీటు ఆడవాళ్లకు రిజర్వయింది కాబట్టి నేను సర్పంచ్‌నయ్యాను. అదీ పేరుకే. ఊరంతా ‘సర్పంచ్ సాబ్’ అని పిలిచేది మా ఆయన్ను. నేను రొట్టెలు చేస్తుంటే కాగితాలు తెచ్చేవాడు. “గిక్కడ పెట్టు” అని వేలు చూపిస్తే, పిండి చేతులు తుడుచుకుని సంతకం గీకేదాన్ని. పదో తరగతి పాసైనదాన్ని, ఒక్క అక్షరం చదివిన పాపాన పోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నెల్లికుదురు దారిలో టెంటు వేసి రిలే దీక్షలు చేస్తున్నారు. మా ఆయన రోజూ అక్కడ మైకు పట్టుకుని, మన నీళ్లు ఎత్తుకుపోతున్నారని గొంతు చించుకునేవాడు. నేనూ చప్పట్లు కొట్టాను.

ఆ వారమే గ్రామసభ. మా ఆయన ఇంకా టెంటు దగ్గరే ఉన్నాడు. పంచాయతీ కార్యదర్శి తీర్మానాల పుస్తకం నా ముందు పెట్టాడు. ఎందుకో ఆ రోజు పైకి చదివాను.

“తండాలో బోరు వేయించడం పూర్తయినది. బిల్లు చెల్లింపును సభ ఆమోదించినది.”

తండా ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్లలో ఒక ముసలవ్వ లేచింది. “ఏ బోరు బిడ్డా? జర సూపియ్యి, బిందె పట్టుకొనొస్త. మేమింక వాగుల చెలిమెలు తోడుకుంటనే ఉన్నం గద!”

కార్యదర్శి వంక చూశాను. “బిల్లు మీద నీ సంతకమే ఉన్నదక్కా. పోయిన నెల పెట్టినవ్” అన్నాడు మెల్లగా.

అంతలో మా ఆయన వచ్చాడు. సంగతి తెలిసి మొహం మాడ్చుకున్నాడు. “పుస్తకం ఇటియ్యి. ఇంట్ల మాట్లాడుకుందాం, దా” అన్నాడు పళ్లు కొరుకుతూ.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ. “ఇంట్ల మాట్లాడే గిక్కడిదాంక తెచ్చినవ్” అని, అవ్వ వైపు తిరిగాను. “సంతకం నాదే అవ్వా. సదవకుండ పెట్టిన.”

ఆమె తిట్టలేదు. “మాకు సదువు రాదు. నీకొస్తదనే గద బిడ్డా ఓటేసినం” అంది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

పుస్తకం కార్యదర్శి వైపు తోశాను. “బోరు లేదని రాయి. బిల్లు మీద సంతకం సర్పంచ్‌దేనని గూడ రాయి.”

అతని చెయ్యి ఆగిపోయింది. “అట్ల రాస్తే మీ సాబ్‌కు ఏం గాదక్కా. ఆయన సంతకం యాడా లేదు. కేసు నీ మీదనే అయితది.”

“ఎరుకే తమ్మీ. రాయి.”