అంచు మీద కొత్త ఊరు

నేను నంద్యాలలో ఇంజనీరుని. పాత వరల్డ్ టైమ్ చేతి గడియారాలు సేకరించడం నా పిచ్చి. వాటి అంచు చుట్టూ లండన్, కైరో, టోక్యో అని ఊర్ల పేర్లుంటాయి. ఏ ఊళ్లో టైమెంతో ఒక్క చూపులో తెలుస్తుంది. ఇలా సేకరించే కలెక్టర్లకు ఒకటే పట్టింపు: గీతలు పడినా, రంగు వెలిసినా ఫరవాలేదు గానీ, బాగుచేద్దామనైనా గడియారం మీద ఎవరూ చెయ్యి పెట్టి ఉండకూడదు.

పోయినేడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన దగ్గర అలాంటిది ఉందని తెలిసింది. ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. "ఆ ఊర్ల పేర్లే దాని విలువ తాతా, జాగ్రత్త!" అని ఫోన్లో చెప్పి, రెండ్రోజులకు బస్సెక్కాను.

ఆయన నవ్వుతూ గడియారం నా చేతిలో పెట్టాడు. కరాచీకీ ఢాకాకీ మధ్య ఖాళీలో, ముత్యాల్లాంటి అక్షరాలతో 'నంద్యాల' అని ఉంది!

"ఏంది తాతా ఇది?"

"నేనే చెక్కినా. పేర్లుంటేనే విలువ అంటివి కదప్పా? చూస్తే మీ ఊరే ల్యాకపాయ. దీనికేం ఎక్కువ ఇయ్యొద్దులే."

నేను ఆ అక్షరాలకేసే చూస్తుండిపోయాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఏందప్పా అట్ల చూస్తాండావ్? అక్షరం బాగ రాల్యాదా?"

"భలే వచ్చింది తాతా" అని, అనుకున్న డబ్బు ఇచ్చేసి తెచ్చుకున్నాను.

దాన్నిప్పుడు ఏ కలెక్టరూ కొనడు. నా గడియారాలన్నీ పెట్టెలో గుడ్డ చుట్టుకుని ఉన్నాయి. ఎక్కడ పాడవుతుందోనన్న భయం లేకుండా, రోజూ చేతికి పెట్టుకుని తిరిగేది ఇదొక్కటే.