సూర్యలంక ఇసుకలో ముగ్గుతో గీసిన ఇల్లు

కాగితం మీది గీతలు చూసి, ఇంకా లేని ఇంటికి మనుషులు ఎలా సరేనంటారో చూడాలని ఉండేది. డెబ్బైల మొదట్లో ఒక శనివారం, తెనాలిలో ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు శేషగిరిగారి వెంట బయలుదేరాను. ఏడు గంటల ప్యాసింజరు ఎనిమిదిన్నరకు బాపట్ల చేర్చింది. టిక్కెట్టు రెండు రూపాయల లోపే. రేపల్లె వైపు నుంచి వచ్చేవారు తెనాలిలో రైలు మారాలి. స్టేషను ఎదుట ఇడ్లీ తిని, సూర్యలంకకు జట్కా మాట్లాడుకున్నాం. గంటకు పైగా ప్రయాణం.

"ఆ గొట్టంలో ఏంటండి?" అన్నాడు జట్కావాడు, శేషగిరిగారు ప్లాన్లు చుట్టి పెట్టుకున్న రేకు గొట్టం చూసి.

"ఇల్లు" అన్నారాయన.

"అయితే బరువుకి వేరే ఇవ్వాలండి!"

ఇల్లు చేపలు పట్టే వెంకన్నది. సముద్రం మీద ఇరవై ఏళ్ల సంపాదనతో తాటాకు పాక పక్కన డాబా వేస్తున్నాడు. సోమవారం పునాది తవ్వుతారు. శేషగిరిగారు ముందు రంగుల బొమ్మ విప్పారు: డాబా, పూలమొక్కలు, వాకిట్లో కారు.

"కారు కూడా మీరే కట్టిస్తారా బాబూ?" అంది వెంకన్న భార్య నాంచారమ్మ.

"అది అందానికమ్మా, అన్ని బొమ్మల్లోనూ వేస్తాం" అంటూ ఆయన ప్లాను పరిచారు. నీలం కాగితం, తెల్ల గీతలు. వెంకన్న తలూపాడు.

"ఇందులో నేనెక్కడ ఉంటానో తెలియట్లేదు బాబూ" అంది ఆమె.

ఆయన సంచిలోంచి తాడు, మేకులు తీశారు. తాడు వెంట ముగ్గు పోశారు. అరగంటలో ఖాళీ ఇసుక మీద అసలు కొలతలతో ఇల్లు పరుచుకుంది. పత్రికకు రాయడానికి వెళ్ళి వంతెనలు, ఆనకట్టలు లేవడం చూసినవాణ్ణి. అక్కడ మాత్రం ఆ గీతల చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాను. నాంచారమ్మ ఒక్క గీతా తొక్కకుండా గుమ్మంలోంచే లోపలికి వెళ్ళింది. శేషగిరిగారూ నేనూ చెప్పులు విప్పి వెనకే వెళ్ళాం.

ఆగ్నేయం మూల వంటగదిలో, పొయ్యి చోట కూర్చుని ఆమె తలెత్తింది.

"ఇటు కిటికీ లేదేంటండి?"

"సముద్రం వైపు కదమ్మా. ఉప్పుగాలికి ఊచలు తుప్పు పడతాయని గోడ పెట్టాను."

"మరి పడవ వచ్చేదీ లేందీ ఎలా చూడను?"

"ఇంజనీరుగారి కన్నా నీకు తెలుసా?" అన్నాడు వెంకన్న.

"పడవెక్కేది నువ్వు. కాసుక్కూచునేది నేను. గాలొస్తే కిటికీ తలుపేసుకుంటా. గోడ అడ్డమొస్తే ఏం చేసుకోను?"

 శేషగిరిగారు వంగి, ఆ గోడ గీతలో మూడడుగుల మేర ముగ్గును అరచేత్తో చెరిపేశారు.

నాంచారమ్మ ఆ ఖాళీలోంచి నీళ్లవైపు చూసింది. "ఇప్పుడు తవ్వించుకోండి" అని లేచింది.

అంతకుముందు నేను చాలా భవనాల ప్రారంభాలకు వెళ్ళి అంతస్తులు, ఖర్చు రాసుకొచ్చాను. లోపల ఉండబోయే మనిషి ఎటు చూస్తుందని ఒక్కచోటా అడగలేదు. ఇల్లు కట్టించుకునేవారికి ఒక్క సలహా: ప్లానుకు ఒప్పుకునే ముందు స్థలంలో ముగ్గు పోయించి, వంట చేసేవారిని పొయ్యి చోట పది నిమిషాలు కూర్చోబెట్టండి.