ఉదయగిరి పక్క మెరుపు

మా చిన్నాయన వెంగయ్యకు చేపలు తినడం కన్నా పట్టడమే ఇష్టం. ఆత్మకూరు దగ్గర మా ఊరి చెరువులో నీళ్ళ కదలిక చూసి వల విసిరేవాడు, అదీ ఒక్క కంటితో. ఎడమ కన్ను చిన్నప్పుడే కర్రాబిళ్ళ ఆటలో పోయింది.

ఆ ఏడు చెరువు అడుగంటితే చిల్లకంప, అదే సర్కారు తుమ్మ, కొట్టే కూలికి పోయాడు. వంచి పట్టుకున్న కొమ్మ చెయ్యి జారి కుడికంటి మీద ఛెళ్ళున కొట్టింది. కన్ను ఎర్రబడి, కొన్నాళ్ళకు తగ్గింది. గండం గడిచిందనుకున్నాం.

ఆ తర్వాతే సాయంత్రాలు అరుగు మీద కూర్చుని కేకలేయడం మొదలుపెట్టాడు.

"మే తిరుపాలా, ఉదయగిరి కొండ పక్క మెరస్తా ఉండాది. చేపలు తియ్యి!"

ఉదయగిరి పక్క మెరిస్తే మాకు వాన తప్పదని నమ్మకం. తిరుపాలమ్మ చిన్నమ్మ, చెరువు అడుగంటినప్పుడు పట్టి ఎండబెట్టిన చేపలన్నీ గబగబా ఇంట్లోకి చేర్చేది. చినుకు రాలేది కాదు. అరుగు మీద ఎటు తిరిగి కూర్చున్నా మెరుపు మాత్రం ఆయనకు కుడిపక్కనే మెరిసేది. కొండ మనిషితో పాటు తిరుగుతుందా? ఆ ముక్క ఇంతమందిలో ఒక్క బుర్రకూ తట్టలేదు.

ఒక పొద్దున కంటికి నల్లటి తెర అడ్డం పడింది. నెల్లూరు తీసుకుపోయాం.

"దెబ్బకు కంటి లోపలి పొర చిరిగి ఊడిపోయింది. ఆ మెరుపులు వానవి కావు, పొర లాగుతుంటే వచ్చినవి. అప్పుడే వచ్చుంటే బాగుండేది," అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ చేసి, పొర అతుక్కునేదాకా బోర్లా పడుకోమన్నారు. దిండులో మొహం పెట్టుకునే, కనపడ్డవాళ్ళనల్లా కాదు, వినపడ్డవాళ్ళనల్లా చెరువు సంగతి అడిగేవాడు. నీళ్ళొచ్చేలోపు చూపు రావాలని ఆయన ఆశ. చూపు రాలేదు.

వాన మాత్రం వచ్చింది. ఆ సాయంత్రం ఉదయగిరి పక్క ఆకాశం చీలినట్టు మెరిసింది. వెనకే ఉరిమింది. అరుగు మీద చిన్నాయన చటుక్కున తలెత్తాడు.

"మే, మెరిసిందా?"

చిన్నమ్మ వాకిట్లో మిగిలిన ఎండుచేపలు బుట్టకెత్తుతోంది.

"లేదయ్యా. ఒట్టి ఉరుములే."

"నాకు ఆ దొంగ మెరుపన్నా మళ్ళీ వస్తే బాగుండు మే," అన్నాడు. బుట్ట చప్పుడుకు చెవి పెట్టి, "మెరవకపోతే చేపలెందుకు ఎత్తతా ఉండావు?" అన్నాడు.

చిన్నమ్మ ఎత్తిన చేపలన్నీ మళ్ళీ గోనెపట్ట మీద పోసేసి, వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"ఎత్తడంలా," అంది.

చినుకులు మొదలయ్యాయి. ఆమె లేవలేదు. చేపలన్నీ తడిసిపోయాయి.