అక్క ఇచ్చిన మిస్డ్ కాల్

ఆలూరులో ఒంటరిగా ఉండే మా అక్కకు సెల్‌ఫోన్ కొనాలని డోన్‌లో అంగళ్లన్నీ తిరిగాను. ఫోటోలు తీసే ఖరీదైన ఫోన్ ఇప్పించానని బంధువులందరికీ గొప్పగా చెప్పుకున్నాను. అబద్ధం. కొన్నది అన్నిటికన్నా చవకది. పెద్ద అంకెలు, పైన టార్చిలైటు, అంతే.

అక్క దాన్ని తిప్పితిప్పి చూసి, "ఏమప్పా, దీంట్లో మాట్లాడితే దుడ్లు పోతాయంట గదా?" అంది.

"నువ్వు మాట్లాడొద్దులే అక్కా. రోజూ పొద్దున్నే పచ్చమీట నొక్కి మిస్డ్ కాల్ ఇయ్యి. ఒకసారి మోగినాక ఎర్రమీట నొక్కు. నువ్వు బాగుండావని తెలుస్తాది. నేను ఎత్తను" అన్నాను.

కొన్ని నెలలు అలాగే జరిగింది. ఒక ఉదయం మాత్రం ఫోన్ ఆగకుండా మోగింది.

"ఒకసారి ఎత్తరాదా?" అంది నా భార్య.

"ముసల్ది ఎర్రమీట మర్చిపోయింటాది. ఎత్తితే పాపం దాని దుడ్లు పోతాయే" అని నవ్వుతూ నేనే కట్ చేశాను. మళ్లీ మోగితే మళ్లీ కట్ చేశాను.

మధ్యాహ్నం అక్క పక్కింటామె ఫోన్ చేసింది. అక్క దొడ్లో జారిపడి తుంటి విరిగి, పొద్దుటి నుంచి ఎండలోనే పడి ఉందట.

ఆస్పత్రిలో నన్ను చూసి అక్క, "ఎత్తనని నువ్వు ముందే చెప్తివి గదప్పా. అయినా ఎత్తుతావేమో అనుకుంటి" అంది.

ఆమె మళ్లీ మంచం దిగలేదు. ఆ వేసవిలోనే పోయింది. ఆ ఉదయం ఫోన్ ఎత్తి అక్కకు ధైర్యం చెప్పానని అందరితో అన్నాను. అదీ అబద్ధమేనని నా భార్యకొక్కదానికే తెలుసు. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే ఆమె నా మొహంలోకి చూడదు.