మా బావను వదలని మెషిన్

మా బావను వర్క్‌షాపులో అందరూ ఎముకల డాక్టరు అంటారు. ఆయన నేర్చింది వెల్డింగు. అరిగిపోయిన తుంటి కీలులో పెట్టే టైటానియం గిన్నెలు ఆయన మెషిన్‌లోంచి వస్తాయి కాబట్టి ఆ పేరు. నిజంగా ఆసుపత్రిలో పనిచేసేది మా అక్క, నర్సు. "ఇంట్లో డాక్టరూ నర్సూ ఉండి, జలుబు చేస్తే మాత్ర పక్కింటావిడ ఇవ్వాలా?" అని నేను ఏడిపిస్తే బావ మీసాల్లో నవ్వుకునేవాడు.

నేను అదే షాపులో, తయారైన గిన్నెల చుట్టూ గడ్డకట్టిన పొడిని దులిపి తీస్తాను. ఆ మెషిన్ పని చెప్పుకుంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇనుప గదిలోని గాలంతా పంపు లాగేస్తుంది. పిండిలాంటి టైటానియం పొడిని ఒక పలక పల్చగా పరుస్తుంది. పైనుంచి ఎలక్ట్రాన్ల ధార దిగి, కావలసిన చోట కరిగిస్తుంది. బల్ల వెంట్రుకంత కిందికి జరుగుతుంది. మళ్లీ పొడి, మళ్లీ ధార, రాత్రీ పగలూ. మధ్యలో తలుపు తీస్తే చేసిందంతా వృథా. పొడి సరిగ్గా వేడెక్కకముందే ధార గట్టిగా తగిలితే అది పొగలా లేచి చెదిరిపోతుంది, అప్పుడూ వృథాయే. ఆ పొగ రాకుండా ఎంత వేడి పెట్టాలో బావకు తెలుసు. ఇంకెవరికీ తెలియకుండా చూసుకున్నది కూడా ఆయనే.

కిందటేడు అక్కకు వేరే ఊళ్లో హెడ్ నర్సు ఉద్యోగం వచ్చింది. కూతుర్ని తీసుకుని వెళ్లింది. "పని ఎవరికైనా అప్పజెప్పి నెలలో వచ్చేస్తా" అన్నాడు బావ. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు. సెలవు పెట్టినప్పుడల్లా మెషిన్ ఆగేది, ఫోన్ వచ్చేది, ఆయన బస్టాండు నుంచే వెనక్కి తిరిగేవాడు. సర్దిన బ్యాగు మాత్రం విప్పలేదు. అందులోంచే చొక్కా తీసి తొడుక్కుని, ఉతికి, మడతపెట్టి మళ్లీ అందులోనే పెట్టేవాడు. బీరువా ఖాళీగా ఉండేది.

"ఊపిరాడట్లేదురా. ఈ మెషిన్ నన్ను కట్టిపడేసింది" అన్నాడొకసారి. నాకు నిజంగానే జాలేసింది. అక్కతో ఆయన తరఫున పోట్లాడింది కూడా నేనే.

చివరికి ఓనరు పక్కనే నిలబడి, షాపులో గిన్నెల కొలతలు చూసే ఆవిడకు బావ చేత మొత్తం పని నేర్పించాడు. ఈసారి బావకు దాచే వీలు చిక్కలేదు. ఆవిడ ఒంటరిగా పని మొదలుపెట్టింది. ఆ సాయంత్రం బావ బస్సెక్కాలి. "ఈసారి రాకపోతే ఇంక రానే వద్దు" అని అక్క ముందే తేల్చి చెప్పింది.

బావ బ్యాగుతో వచ్చాడు, ఒకసారి చూసి వెళ్తానని. మెషిన్‌కున్న చిన్న అద్దంలోంచి ఎర్రటి వెలుగు కనిపిస్తోంది. పొడి పొరమీద పొర చక్కగా పడుతోంది. ఆవిడ టీ తాగుతూ, "మీరు నిశ్చింతగా వెళ్లండన్నా, నేను చూసుకుంటాగా" అంది. బావ మొహం మాడిపోయింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. పంపు హోరులో వినపడదని బావ ఎప్పటిలాగే స్పీకర్ పెట్టాడు.

"బయల్దేరారా?"

"ఎక్కడే! పొగొచ్చింది. తలుపు తీసేశాం, అంతా పోయింది. ఈ వారం కుదరదు."

ఆవిడ టీ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"పంపు మోగుతోందిగా" అంది అక్క. "తలుపు తీస్తే పంపు ఆపేస్తారు. ఇన్నేళ్లు క్యారేజీ తెచ్చి ఆ హోరు పక్కనే కూర్చున్నదాన్ని, నాకు తెలీదా? తమ్ముడున్నాడా అక్కడ? ఏరా, ఆగిందా?"

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. బావ నావైపు చూడలేదు.

"లేదక్కా. బాగానే నడుస్తోంది."

బావ గొంతు తగ్గించాడు. "అక్కడికొచ్చి నేనేం చెయ్యాలే? అక్కడ నన్నెవరు పిలుస్తారు, డాక్టరూ అని? నర్సమ్మగారి మొగుడంటారు."

"అన్నేళ్లూ ఆ ఊళ్లో నేను వెల్డరు పెళ్లాన్నే. నాకేం ఊపిరాగిపోలేదే" అంది అక్క. "చెప్పుల స్టాండులో పై అర మీకోసమని అమ్మాయి ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. ఇవాళ దాని బూట్లు అక్కడ పెట్టుకోమంటాను." ఫోన్ పెట్టేసింది.

"ఇంకా టైముంది, వెళ్లు బావా" అన్నాను. బావ బ్యాగు తీసుకుని గుమ్మందాకా వెళ్లాడు. ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని ఆగాడు. ఎవరూ పిలవలేదు. లోపల పలక పొడిని పరుస్తూనే ఉంది. ఆయన గుమ్మం పక్కనున్న స్టూలు మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యిపట్టి రోడ్డు మీదికి ఈడ్చేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఏడుపూ వచ్చింది.

చాలాసేపటికి వాచీ చూసుకున్నాడు.

"చూశావా," అన్నాడు, "బస్సు వెళ్లిపోయింది."