ఎర్రబండ మీద సున్నపు బొట్లు

శాంతయ్యకు గడియారం లేదు. వేగుచుక్క తాటిచెట్టెత్తుకు వచ్చినప్పుడు మార్కాపురంలో బయలుదేరితే, మూడు మైళ్ళు నడిచి, ఎర్రబండ గుట్ట ఎక్కి, ఒకసారి ఊపిరి తీసుకునేసరికి పొద్దు పొడుస్తుందని మాత్రం కచ్చితంగా తెలుసు. దారిలో వాగు, అందులో ఎప్పుడూ ఇసుకే. గుట్ట మొదట్లో ముళ్ళకంప, ఆపైన జారుడు రాళ్ళు. బరువైన మనిషి ఎక్కడెక్కడ కూర్చుంటాడో, ఎంతసేపు కూర్చుంటాడో కూడా లెక్క వేసుకున్నాడు. ఆ లెక్కకు లొంగనివాడు ఓబయ్య శెట్టి ఒక్కడే.

పలకల గనిలో ఇరవై ఏళ్ళు రాయి చీల్చిన చెయ్యి శాంతయ్యది. ఆ ఏడు గనిలో నీళ్ళు ఊరడంతో పని ఆగిపోయింది. గుట్ట కింద అతని పల్లెలో ఇరవై ఇళ్ళు ఆ పని మీదే బతికేవి. అప్పటికే నాలుగిళ్ళవాళ్ళు మూటలు కట్టుకుని గుంటూరు వైపు పొగాకు పనులకు పోయారు. అటువంటి రోజుల్లో, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ గుట్టెక్కిన శాంతయ్యకు తెల్లవారేవేళ పైనున్న చదును బండ మీద నల్లటి గీతలు కనిపించాయి. దువ్విన జుట్టులా తిన్నగా, వరసగా. ఎర్రరాయి మధ్య పలకరాయి ఉన్నచోట వానకు అరిగి సన్నటి గాడి పడుతుంది. పొద్దు నేలబారుగా ఉన్నప్పుడే ఆ గాడిలో నీడ నిలుస్తుంది. పొద్దు బారెడెక్కిందా, బండంతా ఒకటే ఎరుపు.

అది సర్కారు గుట్ట. అనుమతి లేకుండా గునపం దించితే జుల్మానా. దరఖాస్తు పెట్టగల స్తోమత మార్కాపురం పలకల వ్యాపారి ఓబయ్య శెట్టికే ఉంది. దరఖాస్తులకు ఆ శనివారంతో గడువు సరి.

“కళ్ళతో చూడందే కాగితం మీద సంతకం పెట్టను,” అన్నాడు శెట్టి. ఆ మాట న్యాయంగానే తోచింది శాంతయ్యకు.

చిక్కు ఇంకొకచోట ఉంది. శెట్టి లేవగానే లక్ష్మీదేవి పటం చూస్తాడు, తర్వాత పెరట్లో తులసిని, ఆ తర్వాత సూర్యుణ్ణి. ఆ మూడూ కానిదే బయటివాళ్ళ మొహం చూడడు. శాంతయ్య మొహమైతే సరేసరి. పొద్దు పొడవకముందు గుట్ట మీద ఉండాల్సిన మనిషి, పొద్దు పొడిచాక గానీ దారి చూపించేవాడి మొహం చూడడు.

గురువారం తెల్లవారకముందే శాంతయ్య శెట్టి ఇంటి గోడ పక్కన నిలబడి దగ్గాడు. పిలవకూడదు, తలుపు తట్టకూడదు. దగ్గి దగ్గి గొంతు పోయింది. లోపల మెలకువగానే ఉన్న శెట్టి కిటికీ తీయకుండా, “తెల్లారనీ రా, వస్తా,” అన్నాడు. తెల్లవారింది.

“ఇంక రెండు పొద్దులే ఉండాయి,” అన్నాడు శాంతయ్య ఇంటికొచ్చి, కూలబడి.

భార్య రూతమ్మ సంగటి గెలుకుతూ, “మొహం పనికిరాకపోతే వీపు చూపించు. వీపుకి కూడా దోషముందా ఏంది?” అంది.

ఆ మాట శెట్టి భార్య అలివేలమ్మ ద్వారా లోపలికి పోయింది. శెట్టి ఒప్పుకున్నాడు. శుక్రవారం వేళకు చెప్పులేసుకుని గడప దాకా వచ్చాడు కూడా. లోపల అలివేలమ్మ తుమ్మింది.

“పొడుం పీల్చొద్దంటే వినవు గదా!” అంటూ శెట్టి వెనక్కి పోయి పీట మీద కూర్చున్నాడు. మంచినీళ్ళు తాగాడు. తమలపాకు వేసుకున్నాడు. వీధిలో గొంగడి ముసుగేసుకుని వీపు తిప్పి నిలబడిన శాంతయ్య, వేగుచుక్క పైకి పోవడం చూస్తూ పళ్ళు కొరుక్కున్నాడు. గుట్టెక్కేసరికి పొద్దు రెండు బారలెక్కింది.

“ఏవి రా నీ గీతలు?”

“పోయినాయి సామీ.”

“ఎక్కడికి పోయినాయి, గుంటూరుకా?”

నవ్వింది శెట్టి ఒక్కడే.

శనివారం అన్నీ కలిసొచ్చాయి. తుమ్ము లేదు, పిల్లి లేదు. ముందు లాంతరు పట్టుకుని శాంతయ్య, వెనక చెంబు పట్టుకుని శెట్టి. జారుడు రాళ్ళ దగ్గర శెట్టి, “నీ వీపు చూసీ చూసీ నాకు విసుగు పుడుతుండాది రా,” అన్నాడు. “ఇంకొంచెం ఓర్చుకోండి సామీ,” అన్నాడు శాంతయ్య, తిరక్కుండానే. తూర్పు ఎర్రబడేసరికి పైన ఉన్నారు. శెట్టి ఒక గుండురాయి మీద నిలబడ్డాడు. శాంతయ్య దక్షిణం వైపు చదును బండ అంచుకు పోయి, అటే మొహం పెట్టుకున్నాడు.

పొద్దు పొడిచింది. మొదట ఒక గీత, తర్వాత పది, ఆపైన బండ ఈ చివర నుంచి ఆ చివర దాకా.

“చూసినారా సామీ! నల్లంగా, దారం పట్టి గీసినట్ల! ఇది చీలిస్తే కాగితమంత పల్చగా వస్తాది. ఆ గీత చూడండి, ఎంత దూరం పోయిందో!”

శెట్టికి ఆశ్చర్యంతో మాట రాలేదనుకున్నాడు. ఇంకా చెప్పాడు. చివరికి ఆగలేక తిరిగి చూశాడు.

శెట్టి తూర్పుకు తిరిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, చేతులు జోడించి ఉన్నాడు. పన్నెండు నామాలు, నామానికో నమస్కారం. శాంతయ్య దగ్గాడు. శెట్టి కళ్ళు తెరవకుండానే, ఆగమన్నట్టు వేలు చూపించి, లెక్క తప్పిందని మళ్ళీ మొదటి నామం నుంచి అందుకున్నాడు.

భుజం పట్టుకుని తిప్పితే అయిపోయేది. ముట్టుకోకూడదు. నీడలు పల్చబడుతున్నాయి. శాంతయ్య రొంటిన ఉన్న సున్నపుకాయ తీసి, బండ మీద మోకాళ్ళ మీద పాకుతూ, గీత వెంబడి వేలితో బొట్లు పెట్టుకుంటూ పోయాడు. నాలుగో గీత సగంలో సున్నం అయిపోయింది. అప్పుడు శెట్టి కళ్ళు తెరిచాడు. చెంబులో నీళ్ళు సూర్యుడికి వదిలి, తీరిగ్గా ఇటు తిరిగాడు.

ఎర్రటి బండ. దాని మీద తెల్లటి బొట్లు.

“ఇవేంది?”

“గీతలున్న చోటు సామీ. ఇప్పటిదాకా ఉన్నాయి.”

“నువ్వు పెట్టిన బొట్లు చూడటానికా నన్ను కొండెక్కించినావు?”

“పొద్దు చూపించింది సామీ. మీరే కళ్ళు మూసుకున్నారు!” శాంతయ్య గొంతు అంతగా లేవడం అదే మొదటిసారి.

శెట్టికి కోపం రాలేదు. నిజంగానే ఆలోచించాడు. “నేను చూడలేదు గదరా. సర్కారు కచేరీలో ఏం చూసినావని అడిగితే సున్నం చూసినానని రాసిచ్చేదా?”

పూజ అయిపోయింది కాబట్టి దిగేటప్పుడు శాంతయ్య మొహానికి దోషం లేదు. శెట్టి ముందు నడిచాడు, శాంతయ్య వెనక. ఆ దారి పొడుగునా అతను చూసింది శెట్టి వీపే.

దరఖాస్తు పడలేదు. చైత్రం నాటికి పల్లెలో ఐదిళ్ళు మిగిలాయి. వానలకు బొట్లు కొట్టుకుపోతే, శాంతయ్య తెల్లవారకముందే లేచి, సున్నపుకాయ నింపుకుని గుట్టెక్కి మళ్ళీ పెట్టి వచ్చేవాడు. మోకాళ్ళు సహకరించినన్నేళ్ళూ పెట్టాడు.

“ఇంకెవరికి చూపించాలని?” అని కసిరేది రూతమ్మ.

“చూపించేదేంది? ఏడున్నాయో నేను మర్చిపోకుండా,” అని తనూ కసిరి, గొంగడి భుజాన వేసుకునేవాడు.