నా ఒరిజినల్స్ నా దగ్గరే

ప్రొద్దుటూరులో నేను ఆయాగా చేరిన చిన్నపిల్లల బడిలో మొదటి రోజే నా పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లు అడిగి తీసుకున్నారు. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్. ముక్కులు తుడిచే పనికి ఇంటర్ మార్కులెందుకని నాకు అనుమానమే రాలేదు. మా వైపు చాలా ప్రైవేటు బడుల్లో అదొక ఆచారం. కాగితాలు వాళ్ల బీరువాలో ఉంటే మనిషి నడుమ మానేసి పోదని ధీమా. పైగా నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. టీచర్లను అడిగినట్టే నన్నూ అడిగారని పొంగిపోయాను. నా తెలివి అలా తెల్లారింది!

జూన్ నెలలో ఆ బడి గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది మా పని ఏమిటో. తల్లి మెడ పట్టుకుని వేలాడే పిల్లను విడిపించాలి. గుంజకూడదు. గుంజితే ఇంకో నెల ఏడుస్తుంది. నేను తల్లి చున్నీయో పాత చీర ముక్కో అడిగి తీసుకుని పిల్ల చేతికిచ్చేదాన్ని. దాన్ని ముఖానికి అదుముకుని పిల్ల మెల్లగా లోపలికి వచ్చేది. నర్సరీ టీచరు పెళ్లై కమలాపురం వెళ్లిపోయాక, కొత్త టీచరు దొరికేదాకా తరగతి చూడమన్నారు. చూశాను. కొత్త టీచరు దొరకలేదు, ఎవరూ వెతకనూ లేదు. పొద్దున పాటలు, మధ్యాహ్నం అన్నాలు, సాయంత్రం గది కడగడం, అన్నీ నేనే. జీతం మాత్రం ఆయాదే.

టీచరు జీతం ఇమ్మని అడిగితే బడి యజమాని, కరస్పాండెంటు సారు, కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"డిప్లొమా ఉందామ్మా నీకు? ఉంటే తీసుకురా. రేపే టీచర్ని చేస్తా."

తేలేనని ఆయన ధైర్యం. ఆ నవ్వు చూసిన క్షణమే నిర్ణయించుకున్నాను, తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాలని.

జమ్మలమడుగులో ప్రీప్రైమరీ టీచర్ల శిక్షణ ఇచ్చే చోటు ఒకటుంది. ఆదివారాల్లో తరగతులు, చివర్లో పరీక్ష పులివెందులలో. ఫీజు నా జీతంతో తేలేది కాదు. మా ఆయన కువైట్‌లో కారు తోలుతాడు. ఆయన పంపేది ఇంటి అప్పుకే చాలదు. ఫోన్లో చెబితే, "ముడ్డి కడిగేదానికి డిప్లొమానా? యాడన్నా ఉందా?" అని నవ్వాడు. మొగుడు నవ్వాడు, యజమాని నవ్వాడు. సరే, నవ్వేవాళ్లు నవ్వనీ, నా ఫీజు నేనే కట్టుకుంటాననుకున్నాను.

ఎదురింట్లో మేమంతా ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దావిడ దగ్గర నాకొక చీటీ ఉంది. నెలకోసారి ఆమె వరండాలో ఆడవాళ్లంతా కూర్చుని చీటీ పాడతారు. వచ్చే మొత్తంలో ఎవరు ఎక్కువ వదులుకుంటామంటే ఆ నెల దుడ్లు వాళ్లవి. కమ్మలకు పాడతారు, మిద్దె వేయడానికి పాడతారు, కొడుకు బండికి పాడతారు. నేను చదువుకోవడానికి పాడుతున్నానని తెలిసి ఒకావిడ బుగ్గ నొక్కుకుంది.

"ఇద్దరు బిడ్డల తల్లివి, నీకిప్పుడు చదువేందిమ్మే?"

"పాడేటోళ్లు పాడండి, లేకుంటే గమ్మునుండండి" అని ఖాలా కసిరింది.

బుగ్గ నొక్కుకున్న ఆవిడే కూతురి కమ్మలకోసం పంతానికి పాడింది. నేనూ తగ్గలేదు. చివరికి ఎంత వదులుకున్నానంటే ఆవిడే పాట ఆపేసింది. నష్టానికి పాడినానని ఆ వీధిలో చాలా రోజులు చెప్పుకున్నారు. అదే బంగారానికి పాడి ఉంటే ఒక్కరూ నష్టమనేవారు కాదు.

ఆదివారం తెల్లవారుజామునే వంట చేసి జమ్మలమడుగు బస్సెక్కేదాన్ని. ఊరికే కాగితం కోసం వెళ్లినదాన్ని, నిజంగానే నేర్చుకున్నాను. మూడేళ్ల పిల్ల వేళ్లలో పెన్సిల్ పట్టే బలం ఉండదని, ముందు మట్టితోనో పిండితోనో ఆడించాలని అక్కడే తెలిసింది. సోమవారం చపాతీ పిండి ముద్ద పట్టుకెళ్లాను. పిల్లలు పాములు చేశారు, లడ్లు చేశారు, ఒకడు తినేశాడు. గదిలో అంత నవ్వు అంతకుముందు నేను వినలేదు. కరస్పాండెంటు వచ్చి చూసి ముఖం మాడ్చుకున్నాడు.

"తల్లిదండ్రులు దుడ్లు కట్టేది ఏబీసీడీలకు, పిండి పిసికేదానికి కాదు."

అప్పటికి ఆయనకు అర్థమైంది, నేను నిజంగానే డిప్లొమా చదువుతున్నానని.

పరీక్ష దగ్గరపడింది. ఒరిజినల్స్ చూపిస్తేనే హాల్‌టికెట్ అన్నారు. వెళ్లి కరస్పాండెంటును అడిగాను. బాండు పేపరు ఒకటి నా ముందుకు తోశాడు. డిప్లొమా వచ్చాక మూడేళ్లు ఇక్కడే పనిచేయాలి, ఇదే జీతానికి. సంతకం పెడితే కాగితాలు ఇస్తాడట. నా ఫీజు నేను కట్టుకున్నాను, నా ఆదివారాలు నేను పోగొట్టుకున్నాను, పంట మాత్రం ఆయన గాదెలోకి చేరాలి! పెట్టనన్నాను. "అయితే పరీక్ష యాడ రాస్తావో రాసుకో" అన్నాడు.

ఇంట్లో మా మామ విషయం విని నింపాదిగా చుట్ట ఆర్పాడు. తొండూరులో ఒక పెద్ద రెడ్డి ఆయనకు తెలుసు.

"ఆయప్పతో ఒక్క ఫోన్ చేపిస్తాలే. కాగితాలు ఇంటికొస్తాయి."

మామ మంచితనానికి నాకు కళ్లు చెమర్చాయి. కానీ వద్దన్నాను. ఆ ఫోన్ ఊరికే రాదు. రేపు ఆ పెద్దాయన ఇంట్లో పెళ్లంటే వెళ్లి వడ్డించాలి, ఓటంటే వేయాలి, ఎప్పటికీ ఆయన వల్లే బాగుపడ్డానని చెప్పుకుంటూ తిరగాలి. ఒకరి బీరువాలోంచి నా చదువును తీసి ఇంకొకరి దయలో పెట్టడం నాకిష్టం లేదు. "నావి నేనే అడిగి తెచ్చుకుంటా మామా" అంటే, "మొండిదానివిలే" అని నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు ఫీజులు కట్టే రోజు. తల్లిదండ్రులు ఆఫీసు గదిలోకి ఒకరి వెనక ఒకరు వస్తారు. నేను తరగతికి వెళ్లకుండా ఆ గదిలో, కరస్పాండెంటు ఎదురుగా, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కేకలేద్దామంటే జనం ఉన్నారు. మింగలేక కక్కలేక కూర్చున్నాడాయన.

కొంతసేపటికి నర్సరీ గదిలో ఏడుపు మొదలైంది. ఆ గొంతు నాకు తెలుసు. వారం కిందటే చేరిన పిల్లవాడు, నేను తప్ప ఎవరు ఎత్తుకున్నా ఊరుకోడు. నా కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. లేస్తే ఇక జన్మలో మళ్లీ కూర్చోలేను. ఆ పొద్దు ఆ కుర్చీలో నేను పడిన బాధ ఏ పరీక్షలోనూ పడలేదు. ఆ పసివాడి ఏడుపుకు కారణం నేను కాదని, కావాలంటే ఇప్పుడే బీరువా తెరవగల మనిషి నా ఎదురుగానే ఉన్నాడని నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను.

ఆ పిల్లవాడి అవ్వే ఫీజు కట్టడానికి వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏమ్మా, ఈడ కూచున్నావు? ఆడ మా పిల్లోడు నీకోసం ఏడుస్తాండాడు."

"నా సర్టిఫికెట్లు ఈ సారు బీరువాలో ఉండాయవ్వా. పరీక్షకు కావాలంటే ఇయ్యనంటాండాడు. ఇచ్చేదాకా లెయ్యను" అన్నాను, గదిలో అందరికీ వినపడేలా.

అవ్వ చేతిలోని దుడ్లు కొంగులోకి పోయాయి. ముడి వేసుకుంటూ అడిగింది.

"ఏమప్పా, పనిచేసే పిల్ల కాగితాలే ఇయ్యకపోతివి. రేపు మా పిల్లోని టీసీ ఇస్తావా?"

టీసీ అన్న మాట పడగానే వరసలో ఉన్నవాళ్లంతా తలలెత్తారు. ఈ ఊళ్లో పిల్లల్ని చదివించే ప్రతి ఇంటికీ తెలిసిన భయం అది. బడి మార్చాలన్నప్పుడు టీసీ పట్టుకుని కూర్చుంటారని. ఒకాయన బిగ్గరగానే అన్నాడు, "శానా బడుల్లో ఇంతే గదా." ఇంకొకాయన డబ్బు జేబులో పెట్టుకుని తలుపు దగ్గరికి నడిచాడు.

కరస్పాండెంటు లేచాడు. బీరువా తెరిచి నా కవరు బల్ల మీద పడేశాడు.

"తీసుకో. ఇంక ఈ గడప తొక్కద్దు."

కవరు విప్పి అన్నీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకున్నాను. తర్వాత నర్సరీ గదిలోకి వెళ్లి ఆ పిల్లవాణ్ణి భుజాన వేసుకున్నాను. వెక్కిళ్లు తగ్గి నిద్రపోయేదాకా తిరిగి, చాప మీద పడుకోబెట్టి అప్పుడు బయటికి వచ్చాను. వీధి మలుపు దాకా ఏడ్చాను. ఉద్యోగం పోయినందుకు కాదు, ఆ పిల్లలకోసం.

పులివెందులలో పరీక్ష రాశాను, పాసయ్యాను. మా ఆయన కువైట్ నుంచి ఫోన్ చేసి "టీచరమ్మా" అన్నాడు, ఈసారి వెటకారం లేకుండా. డిప్లొమా తీసుకెళ్లి ఆ పాత బల్ల మీద పెట్టాలన్న కోరిక ఎందుకో అప్పటికి పోయింది. ఆయన్ను మెప్పించి నాకు ఒరిగేదేముంది?

జమ్మలమడుగులో ఒక బడిలో టీచరు కావాలంటే వెళ్లాను. అక్కడి సారు మర్యాదస్తుడు. డిప్లొమా చూశాడు, మంచినీళ్లు తెప్పించాడు, జీతం చెప్పాడు. నేను అడుగుదామనుకున్న దానికి కాస్త దగ్గరగానే ఉంది. చివర్లో చాలా మామూలుగా చెయ్యి చాపాడు.

"ఒరిజినల్స్ ఇచ్చిపోండి. లోపల పెడతాం."

"చూసుకోండి సార్, ఎంతసేపైనా. మీరు చూసేదాకా ఇక్కడే ఉంటా. జిరాక్సులు ఇస్తా. ఒరిజినల్స్ నా దగ్గరే ఉంటాయి."

"అందరూ ఇచ్చినారమ్మా. ఏదో ఒకటి లేకుండా మేమెట్ల నమ్మేది?"

"కన్నోళ్లు బిడ్డల్ని తెచ్చి నా చేతిలో పెట్టి పోతారు సార్. ఒక్క తల్లి కూడా నన్ను తాకట్టు అడగలేదు."

ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను బల్ల మీది సర్టిఫికెట్లు ఒక్కొక్కటే తీసి సంచిలో పెట్టుకున్నాను. జిరాక్సులు ఆయన ముందుకు జరిపి లేచి నిలబడ్డాను.

"పిల్లలు ఏ గదిలో ఉండారు సార్?" అని అడిగాను.